సన్నని దారము: గర్భాశయ సాధనములను గూర్చి ఒక సమీక్ష

మన తెలుగునాట రెండవ కాన్పు జరిగిన యింట, బాలింత ఇంకను మంచము దిగకమునుపే వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు: "ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తున్నారు?" అడుగు అత్తగారును, తలవంచుకొని విను కోడలును, చీటీ వ్రాయు నర్సమ్మయు, ఇక బిడ్డలు వలదనుకొన్న దంపతులకు లోకమున అదియొక్కటే దారి యైనట్లు మాటలాడుదురు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వరకు గల వివాహితలలో ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 70 మందియు, తెలంగాణమున సుమారు 62 మందియు ఆ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. వారిలో సగమునకు మించినవారు పాతికేండ్లు నిండకమునుపే ఆపరేషను బల్ల నెక్కినవారు. గర్భాశయములో సాధనము వేయించుకొని కాలము గడుపుచున్న స్త్రీలు ఈ రెండు రాష్ట్రములలోను నూటికి ఒక్కరైనను లేరు.

ఆపరేషనును నిందించుట నా యుద్దేశము కాదు. బిడ్డలు చాలునని మనస్ఫూర్తిగా నిశ్చయించుకొన్న స్త్రీకి అది మేలైన మార్గమే. కాని ఇరువదిమూడేండ్ల ఇల్లాలు, ముందున్న ఇరువది యేండ్లకు సరిపడు నిర్ణయమును, తిరిగి మార్చుకొనరాని నిర్ణయమును, మరియొక దారి కలదని యెవ్వరును చెప్పకుండగనే చేయవలసివచ్చుట న్యాయము కాదు. ఆ రెండవ దారి పేరు విననివారు లేరు. ముసలివారు దానిని లూపనియు, నడివయసువారు కాపర్-టి యనియు పిలుతురు. పేరు తెలిసినంతగా వస్తువు తెలియదు. వస్తువు తెలిసినంతగా దాని చరిత్ర తెలియదు. అది యెట్లు పుట్టినది, ఎట్లు పనిచేయును, ఎన్ని విధములు, ఎవరికి తగును, ఎవరికి తగదు, ఎచ్చట మేలు చేసినది, ఎచ్చట కీడు చేసినది అను విషయములను ఒకచోట కూర్చి చూడవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని. చూచిన కొలది నాకు తోచిన దేమనగా, ఈ సాధనము యొక్క మంచిచెడ్డ లన్నియు దాని చివర వ్రేలాడు ఒక సన్నని దారమును ఆశ్రయించియున్నవి.

గర్భాశయములో చిన్న వస్తువు నొకదాని నుంచినచో గర్భము నిలువదను సంగతిని ఆధునిక వైద్యము గ్రహించి నూరేండ్లు దాటినది. 1909లో జర్మనీ దేశమున రిక్టరు అను వైద్యుడు పట్టుపురుగు నుండి తీసిన గట్టి తంతువును ఉంగరముగా చుట్టి వాడి, ఆ ఫలితములను ప్రకటించెను. 1920 తరువాతి దశాబ్దిలో బెర్లినులోని గ్రాఫెన్‌బెర్గు ఆ యుంగరమును వెండి తీగెతో చేసెను. ఆ వెండిలో రాగి కలిసియుండెనని బహుకాలమునకు గాని తేలలేదు. జపానులో ఒటా అను వైద్యుడు బంగారు పూత పూసిన ఉంగరమును 1934లో వెలువరించెను. అయినను, సూక్ష్మజీవులను చంపు మందులు ఇంకను రాని ఆ దినములలో, లోపల వస్తువు నుంచినచో చీము పట్టునను భయము వైద్యలోకమును ఆవరించియుండుటచే, ఈ మార్గము చిరకాలము అనాదరణకు గురియయ్యెను. యూదుడగుటచే గ్రాఫెన్‌బెర్గు నాజీల చెరసాల ననుభవించి, తుదకు అమెరికాకు తరలిపోవలసివచ్చెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ప్లాస్టిక్ వచ్చి ఈ కథను మలుపు త్రిప్పెను. దానికి గల గుణ మేమనగా, వంకరలు తిరిగిన ముక్కను సన్నని గొట్టములోనికి నిటారుగా లాగి, గర్భాశయములోనికి త్రోసి విడిచినచో, అది తన పూర్వాకారమును తానే తిరిగి పొందును. కావున గర్భాశయ ముఖమును పెద్దదిగా తెరవవలసిన బాధ తప్పినది. అమెరికాలోని బఫెలో నగర వైద్యుడు జాక్ లిప్పీసు 1962 ప్రాంతమున రెండు జంట వంకరలు గల ప్లాస్టిక్ లూపును రూపొందించి, ఎక్స్-రేలో కనబడుటకై దానిలో బేరియము లవణమును కలిపి, చివర నైలాను దారమును ముడివేసెను. ఆ దారము గర్భాశయ ముఖమును దాటి కొద్దిగా వెలుపలికి వచ్చి నిలుచును. సాధనము లోపల నున్నదో లేదో తెలిసికొనుటకును, వలదనుకొన్నప్పుడు మెల్లగా లాగి తీయుటకును అది యుపకరించును. ఇంత చిన్న యేర్పాటుతో ఆ సాధనము స్త్రీ ఇచ్ఛకు లోబడినది.

కుటుంబ నియంత్రణను 1952లోనే ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టి ప్రపంచమునకు దారి చూపిన మన దేశము, 1965లో ఈ లూపును మహోత్సాహముతో స్వీకరించినది. కాన్పూరులో కర్మాగారము వెలసినది. మొదటి సంవత్సరముననే ఎనిమిది లక్షలకు పైగా స్త్రీలకు లూపులు వేసిరి. రెండేండ్లు తిరుగకమునుపే ఆ యుత్సాహము చల్లారినది. లెక్కలు పూరించు తొందరలో శిబిరములు పెట్టి, ఒక్క దినమున పదుల కొలది స్త్రీలకు లూపులు వేసి, మరునాడు మరియొక యూరికి తరలిపోయిన వైద్యబృందములు, ఆ పిమ్మట రక్తస్రావము హెచ్చైన స్త్రీ యెవరి వద్దకు పోవలెనో చెప్పలేదు. ముట్టు కొన్ని నెలలు ఎక్కువగా వచ్చుననియు, అది క్రమముగా తగ్గుననియు ముందుగా ఒక్క మాట చెప్పియుండినచో సరిపోయెడిది. ఆ మాట లేనిచోట భయము పుట్టినది, భయము నుండి వదంతి పుట్టినది. లూపు గుండెకు ప్రాకుననియు, పుట్టబోవు బిడ్డ తలకు అంటుకొనుననియు మన అమ్మమ్మలు విన్న మాటలు ఆనాటివే. మన దేశమున ఈ సాధనమునకు నేటికిని గల అపకీర్తికి ఆ రెండేండ్ల తొందరయే మూలము.

లూపు తరువాతి యుగము రాగిది. హోవర్డు టేటము అను శాస్త్రజ్ఞుడు గర్భాశయ కుహరము సంకోచించినప్పటి ఆకృతికి అమరునట్లు ఆంగ్లాక్షరమైన టి రూపమున ప్లాస్టిక్ సాధనమును చేసెను. నొప్పియు రక్తస్రావమును తగ్గినవి గాని, ఏడాదిలో నూటికి 18 మంది గర్భవతులైరి. అదే కాలమున చిలీ దేశపు హైమే జిప్పరు, కుందేళ్ళ గర్భాశయములో రాగి తీగె నుంచినచో గర్భము నిలువకుండుటను కనుగొనెను. ఇరువురి యూహలు కలిసినంతనే అద్భుతము జరిగినది: టి కాండమునకు 30 చదరపు మిల్లీమీటర్ల రాగిని చుట్టినచో గర్భధారణ నూటికి 5కు దిగినది, 200కు పెంచినచో సుమారు ఒకటికి దిగినది. కాండముపై తీగెగా 314, రెండు చేతులపై పట్టీలుగా 33 చొప్పున, మొత్తము 380 చదరపు మిల్లీమీటర్ల రాగి గల సాధనమే నేడు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించు కాపర్-టి 380ఏ. మన దేశమున 2002 నుండి ఇది పాత 200 రకము స్థానమును ఆక్రమించినది. దీనితోబాటు ఐదేండ్లు పనిచేయు 375 రకమును 2012 ప్రాంతమున ప్రవేశపెట్టిరి.

రాగి యెట్లు పనిచేయునో తెలిసినచో సగము అపోహలు తొలగిపోవును. తీగె నుండి సూక్ష్మాతిసూక్ష్మముగా కరగు రాగి అయానులు గర్భాశయ ద్రవములలో కలిసి వీర్యకణముల చలనమును హరించును; లోపలి పొర ఆ సాధనమును అన్యవస్తువుగా గుర్తించి కలిగించు మార్పులు వానికి మరింత ప్రతికూలమగును. కావున వీర్యకణము అండమును చేరుటయే యరుదు. పిండమును తొలగించుట దీని ప్రధాన కార్యమని కొంద రనుకొనుట పొరపాటు. అండము నెలనెలా విడుదలయగుచునే యుండును; ముట్టు తప్పదు; శరీరములో హార్మోను చేరదు; పాలిచ్చు తల్లికి పాలు తగ్గవు. మొదటి యేడాది గర్భధారణ నూటికి ఒకటికన్న తక్కువ. ఒక్కసారి వేయించుకొన్నచో పదేండ్లు నిలుచును. తీయించుకొన్న మరుసటి నెలనుండియే గర్భము ధరించుటకు అవకాశము కలదు. జాగ్రత్త లేని కలయిక జరిగిన ఐదు దినముల లోపల వేసినచో అత్యవసర నిరోధముగా గూడ ఇది పనిచేయును. ఆ సందర్భమున దీనికి సాటివచ్చు మాత్ర లేదు.

రెండవ జాతి సాధనములు హార్మోనువి. ఫిన్లాండు దేశపు వైద్యుడు తపానీ లూక్కాయినెన్, టి కాండమునకు రాగికి బదులు లెవోనార్జెస్ట్రెల్ అను హార్మోను గల చిన్న తొడుగును అమర్చెను. ఆ తొడుగులోని 52 మిల్లీగ్రాముల మందు తొలినాళ్ళలో దినమునకు 20 మైక్రోగ్రాముల చొప్పున స్రవించి, గర్భాశయ ముఖమునందలి జిగురును చిక్కబరచి వీర్యకణములకు ద్వారము మూయును. లోపలి పొరను పలుచన చేయును. 1990లో ఫిన్లాండులో వాడుకలోనికి వచ్చిన ఈ సాధనము గర్భనిరోధమున ఆపరేషనుతో సమానమైనది. ఏడాదిలో ఐదువందల మందికి ఒక్కరు గర్భవతి యగుట గూడ అరుదు. పొర పలుచనగుటచే ముట్టు బాగుగా తగ్గును. ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరుగునప్పటికి పూర్తిగా నిలిచిపోవును. ఇట్లు నిలిచిన రక్తము లోపల పేరుకొని విషమగునని భయపడు స్త్రీలు మనలో పెక్కండ్రు; పొరయే పెరుగనప్పుడు రాలిపడుటకు రక్తమే లేదని వారికి తెలియజెప్పవలెను.

ఈ హార్మోను సాధనమును గూర్చి తెలుగువారు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన కారణ మొకటి కలదు. గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశమంతటను నూటికి సుమారు ముగ్గురుండగా, మన రెండు రాష్ట్రములలో ఎనిమిది మందికి మించియున్నారని అదే సర్వే తెలుపుచున్నది. ముప్పదియైదేండ్లకే అధిక రక్తస్రావమని ఆస్పత్రికి పోయి, సంచి తీయించుకొని, ఎముకల పటుత్వము కోల్పోయి, కూలికి పోలేక చతికిలబడిన స్త్రీ లేని పల్లె మనకు తక్కువ. ఫిన్లాండులో అధిక రక్తస్రావముతో బాధపడు 236 మంది స్త్రీలను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు ఈ సాధనమును, రెండవ తెగకు శస్త్రచికిత్సను నిర్ణయించి ఐదేండ్లు పరిశీలించిరి. సాధనము పొందిన తెగలో నూటికి 42 మందికి తుదకు శస్త్రచికిత్స అవసరమైనది గాని, మిగిలిన 58 మందికి సంచి దక్కినది. తృప్తి విషయమున ఇరు తెగలకును భేదము కానరాలేదు. దీని వెల కొన్ని వేల రూపాయలని వెనుదీయుట సహజమే గాని, సంచి తీయుట కగు వ్యయముతోను, ఆ పిమ్మటి నష్టముతోను పోల్చినచో అది వెల కాదు.

ఈ రెంటిలో ఏది మేలని యడిగినచో, ముట్టు స్వభావమును బట్టి చెప్పవలెను. సాధారణముగా తక్కువ ముట్టు గలిగి, హార్మోను వలదను స్త్రీకి రాగి తగును. తొలి మూడు నుండి ఆరు నెలలు రక్తస్రావమును నొప్పియు కొంత హెచ్చుననుట నామె ముందుగా నెరిగియుండవలెను. ముందే అధిక స్రావముతో రక్తహీనత పాలైన స్త్రీకి హార్మోను తగును. తొలినెలలలో వేళగాని వేళ చుక్కలు చుక్కలుగా కనబడుట కామె సిద్ధపడవలెను. బిడ్డలు లేని స్త్రీలకు సాధనము వేయరాదను పాత నియమము నేడు నిలువదు. మెక్సికోలో సుమారు 1,900 మంది స్త్రీలను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనము, రాగి సాధనము వలన అండనాళములు మూసికొని వంధ్యాత్వము కలుగునను మాటకు ఆధారము లేదని తేల్చినది. సుఖవ్యాధుల నుండి ఏ సాధనమును కాపాడదు. ఆ పని నిరోధ్ తొడుగుది.

వేయించుకొనుటకు అనువైన వేళలు కొన్ని కలవు. ముట్టు వచ్చిన తొలి దినములలో వేసినచో గర్భము లేదను నమ్మకముండును. కాన్పులో మాయ పడిన పది నిమిషముల లోపలను, సిజేరియను జరుగుచుండగనే గర్భాశయమును కుట్టకమునుపును, కాన్పైన 48 గంటల లోపలను వేయవచ్చును. ఆ గడువు దాటినచో ఆరు వారములు ఆగవలెను. గర్భస్రావము పిమ్మట, చీము లక్షణములు లేనిచో, వెంటనే వేయవచ్చును. గర్భవతులకును, కాన్పు తరువాత జ్వరము పట్టిన బాలింతలకును, కారణము తెలియని రక్తస్రావము కలవారికిని, పొత్తికడుపులో చీము, గర్భాశయ ముఖమున క్యాన్సరు, జననాంగముల క్షయ కలవారికిని, గడ్డల వలన గర్భాశయ కుహరము వికృతమైనవారికిని వేయరాదు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి హార్మోను సాధనము తగదు.

వేయుట కొలది నిమిషముల పని. మత్తు సాధారణముగా అక్కరలేదు. ముట్టునొప్పి వంటి నొప్పి కలుగును, కొందరికి తల తిరుగును. నొప్పిని తక్కువచేసి చెప్పు వైద్యులు స్త్రీల విశ్వాసమును పోగొట్టుకొందురు. అపాయములను గూడ దాచరాదు. తొలి యేడాది నూటికి ఇద్దరు మొదలు పదిమందికి సాధనము తనంతతాను జారిపోవచ్చును. కాన్పైన వెంటనే వేసినచో ఈ సంభవము మరింత హెచ్చు. వేయి మందిలో ఒకరిద్దరికి గర్భాశయపు గోడ చిల్లు పడవచ్చును. చీము పట్టు భయము తొలి ఇరువది దినములలోనే యెక్కువయనియు, ఆ పిమ్మట సామాన్యస్థితికి వచ్చుననియు, సుమారు 23,000 సాధనధారణములను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో ప్రకటించినది. అరుదుగా గర్భము వచ్చినచో అది నాళములో నిలిచినదేమో యని వెంటనే స్కానింగు చేయవలెను. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరము, దుర్వాసన గల తెల్లబట్ట, రాగి సాధనము గలవారికి ముట్టు తప్పుట, దారము అందకపోవుట: ఈ యైదింటిలో ఏ యొక్కటి కనబడినను ఆస్పత్రికి పోవలెను. దారము అందనంత మాత్రమున సాధనము గుండెకు పోయినట్లు కాదు. అది ముడుచుకొని లోనికి పోయియుండవచ్చును, లేదా సాధనమే జారియుండవచ్చును. స్కానింగుతో ఆ సందేహము తీరును.

ఇపుడు ఆ దారము కథకు వత్తును. 1971లో అమెరికాలో డాల్కన్ షీల్డ్ అను సాధనమును విస్తారముగా అమ్మిరి. దాని దారము ఏక తంతువు గాక, వందల నైలాను పోగులను ఒక తొడుగులో కూర్చిన కట్ట. ప్రమిదలోని వత్తి నూనెను పైకి పీల్చినట్లు ఆ పోగులు సూక్ష్మజీవులను లోనికి పీల్చినవి. స్త్రీలు చీముపట్టిన గర్భస్రావముల పాలైరి, కొందరు మరణించిరి. 1974లో దాని విక్రయమును ఆపివేసిరి. చీనాలో కోట్లాది స్త్రీలకు వేసిన ఉక్కు ఉంగరములకు దారమే లేదు. తీయవలెనన్న శస్త్రచికిత్సయే శరణ్యము, ఆ లోపమునే ప్రభుత్వము తన జనాభా విధానమునకు అనుకూలముగా మలచుకొన్నది. డెన్మార్కు పాలనలోని గ్రీన్లాండులో 1966 నుండి 1970 వరకు సుమారు 4,500 మంది స్త్రీలకును, పసితనము వీడని బాలికలకును లూపులు వేసిరి. పెక్కండ్రను అడుగనైన లేదు, కొందరికి తమలో నేమున్నదో యేండ్ల తరబడి తెలియదు. 2025లో డెన్మార్కు ప్రధానమంత్రి అందులకు క్షమాపణ చెప్పిరి. నిర్మాణదోషము గల దారము, లేని దారము, ఉన్నను తెలియని దారము: ఈ మూడు కీడులకును మూలము స్త్రీ దేహమును ఆమెకు తెలియని నిర్ణయములకు వదలివేయుటయే.

మన యాస్పత్రులలో ఈ దోషము సూక్ష్మరూపమున నేటికిని కనబడును. పురిటినొప్పులు పడుచున్న స్త్రీచేత సంతకము పెట్టించుకొనుట సమ్మతి కాదు. ఆమెతో ఆ మాట ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో, భర్త ప్రక్కనుండగా, తీరికగా జరుగవలెను. అంతకన్న పెద్ద దోషము, తీయుమని వచ్చిన స్త్రీని "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అమ్మా" యని త్రిప్పిపంపుట. ఒక్క ఇల్లాలిని అట్లు త్రిప్పిపంపినచో, ఆ వీధిలో పదిమంది ఇల్లాండ్రు కాపర్-టి పేరెత్తుటకు వెరతురు. 1965 నాటి కథ మరల ఆ వీధిలో మొదలగును. అడిగినంతనే తీయు ఆస్పత్రి యున్నచో, వేయించుకొనువారు వారంతట వారే వత్తురు.

సాధనము వేసిన దినమున నర్సమ్మ ఆ స్త్రీ చేతిలో ఒక చీటీ పెట్టవలెను. ఏ రకము వేసినది, ఏ తేదీన వేసినది, ఏ సంవత్సరమున తీయవలసినది, ఈ లోపల ఎప్పుడు వలదనుకొన్నను ఎచ్చటికి రావలసినది అందులో తెలుగులో వ్రాసియుండవలెను. చదువురాని స్త్రీకి చదివి వినిపింపవలెను. రేషను కార్డును, బిడ్డల జనన పత్రములను దాచుకొను పెట్టెలో ఆ చీటీ గూడ చేరవలెను. పెట్టె తాళము ఆమె కొంగుననే యుండవలెను.